వంకర పళ్ళకు క్లిప్పులు: ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎలా వేయించుకోవాలి

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అనుకుని, పిల్లలే అద్దంలో చూసుకుని బాధపడే వయసు వచ్చేదాకా పళ్ళ వరుసను పట్టించుకోని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. పాలపళ్ళ వెనక మొదటి శాశ్వత దవడపళ్ళు వచ్చి, ముందుపళ్ళు మారుతూ ఉండే ఆరేడేళ్ళ వయసులోనే ఒకసారి ఆర్థోడాంటిస్టుకు, అంటే పళ్ళ వరుసను సరిచేసే దంత నిపుణుడికి, చూపించాలి. చూపించినంత మాత్రాన క్లిప్పులు వేసేయరు. చాలామంది పిల్లలను ఏడాది తర్వాత మళ్ళీ తీసుకురమ్మని చెప్పి పంపేస్తారు. చికిత్స అవసరమైన కొద్దిమందికి మాత్రం అది సరైన సమయంలో అందుతుంది.

అంతకంటే ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. బిడ్డను వెలుతురు పడే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నోట్లో ఊరిన ఉమ్మి మింగించి, వెనక దవడపళ్ళు కలిసేలా కొరకమని చెప్పి, పెదవుల మూలలను రెండు చూపుడువేళ్ళతో మెల్లగా పక్కకు లాగి చూడండి. పై వరుస కింది వరుసను డబ్బా మీద మూతలాగా చుట్టూ కొద్దిగా కప్పుతూ ఉండాలి. పై పన్ను ఒక్కటైనా కింది పళ్ళకు లోపలి వైపు పడుతున్నా, వెనకపళ్ళు కలిసినా ముందుపళ్ళ మధ్య సందులో నాలుక కనిపిస్తున్నా, నోరు మూసేటప్పుడు దవడ ఒక పక్కకు జరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. ఎత్తుపళ్ళు ఉన్న పిల్లలు ఆటల్లో పడినప్పుడు ఆ పళ్ళు విరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి దాన్ని అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడకూడదు.

కంగారు పడనక్కరలేనివి కూడా ఉన్నాయి. ఆరేడేళ్ళప్పుడు కింది పాలపళ్ళ వెనక కొత్త పళ్ళు రెండో వరుసలా మొలిస్తే, పాలపన్ను ఊడిన తర్వాత చాలావరకు నాలుకే వాటిని ముందుకు నెడుతుంది. ఎనిమిది తొమ్మిదేళ్ళప్పుడు పై ముందుపళ్ళ మధ్య కనిపించే సందు కోరపళ్ళు దిగే సమయానికి తరచుగా మూసుకుపోతుంది. అయితే పదేళ్ళు నిండాక పై చిగురు మీద వేలితో తడిమినా కోరపళ్ళ ఉబ్బు ఏ పక్కనా తగలకపోతే ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే ఆ పన్ను ఎముకలో దారి తప్పి పక్కపన్ను వేరును తినేసే అవకాశం ఉంది.

పళ్ళు వంకరగా రావడానికి వంశపారంపర్యమే పెద్ద కారణం. నాలుగేళ్ళు దాటినా మానని బొటనవేలి చప్పరింపు, ముక్కు బిగుసుకుని నోటితో గాలి పీల్చడం కూడా పళ్ళ వరుసను చెడగొడతాయి. పుచ్చిన పాల దవడపన్నును ముందుగానే పీకించినప్పుడు పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద ఉన్న శాశ్వత పన్నుకు చోటు లేకుండా చేస్తాయి. అలాంటప్పుడు ఆ ఖాళీని కాపాడే చిన్న పరికరం, అంటే స్పేస్ మెయింటెయినర్, పెట్టించుకుంటే తర్వాత పెద్ద చికిత్స తప్పవచ్చు. ఇరుకైన పై దవడను వెడల్పు చేయడం, వెనకబడిన కింది దవడను ముందుకు తెచ్చేందుకు తీసి మళ్ళీ పెట్టుకునే పరికరాలు వాడడం ఎదిగే వయసులోనే బాగా ఫలిస్తాయి. ఎదుగుదల ఆగిన తర్వాత దవడల్లోనే పెద్ద తేడా ఉంటే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

పెద్దవాళ్ళకు క్లిప్పులు పనిచేయవన్నది అపోహ. వయసుకు పైహద్దు లేదు కానీ చిగుళ్ళు, ఎముక గట్టిగా ఉండాలి. అందుకే గార తీయించి, చిగుళ్ళ జబ్బు ఉంటే నయం చేయించి, మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకున్న తర్వాతే మొదలుపెట్టాలి. ఎముకల బలానికి మందులు వాడుతున్నవారు ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఈ వైద్యానికి బీడీఎస్ తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసిన నిపుణులు ఉంటారు, కాబట్టి ఆ అర్హత ఉందో లేదో సంకోచించకుండా అడగండి. ఖర్చు భారమయ్యేవారు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో విచారించవచ్చు. పళ్ళ అచ్చులు, ఫొటోలు, పళ్ళన్నీ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, ముఖాన్ని పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్‌రే చూడకుండా చికిత్స మొదలుపెట్టించుకోకండి. ఏ పళ్ళు తీయాలి, ఎందుకు తీయాలి, ఎన్ని నెలలు పడుతుంది, ఊడిన బ్రాకెట్లకూ (తీగను పట్టి ఉంచేందుకు పళ్ళకు అంటించే చిన్న ముక్కలు), సరిచేసిన పళ్ళు జరగకుండా చివర్లో ఇచ్చే రిటెయినర్లకూ విడిగా డబ్బు కట్టాలా అన్నవి ముందే అడిగి రాయించుకోండి. చోటు చాలనప్పుడు సాధారణంగా కోరపళ్ళ వెనక ఉండే చిన్న దవడపళ్ళను తీస్తారు. పై పన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరే కదులుతుంది. తీగ నెట్టిన వైపు ఎముక కరిగి, వెనక వైపు కొత్త ఎముక పేరుకోవాలి. ఆ పని శరీరం తన వేగంతోనే చేస్తుంది కాబట్టి చాలామందికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. తొందరపడి ఎక్కువ బలం పెడితే పళ్ళ వేర్లు అరిగిపోవచ్చు. లోహపు క్లిప్పులు చవక, గట్టివి. సిరామిక్‌వి అంతగా కనబడవు కానీ వాటికి చుట్టే తెల్ల రబ్బరు రింగులు మన కూరల్లోని పసుపుకు వారంలోనే రంగు మారతాయి. అలైనర్లు, అంటే పళ్ళకు తొడుగులా పెట్టుకుని తీసే పారదర్శక ప్లాస్టిక్ పరికరాలు, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోగలిగినవారికే పనికొస్తాయి. వైద్యుడు నోరు పరీక్షించకుండా నేరుగా ఇంటికి పంపే అలైనర్ల జోలికి వెళ్ళకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

క్లిప్పులు వేసిన మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటుంది. ఇడ్లీ, మెత్తని పప్పన్నం, పెరుగన్నం తింటూ, తీగ గుచ్చుకునే చోట డాక్టరు ఇచ్చిన మైనం అద్దుకుంటే సర్దుకుంటుంది. చికిత్స చెడేది ఎక్కువగా శుభ్రత దగ్గరే. బ్రష్‌ను ముందు చిగురు వైపు నుంచి ఏటవాలుగా పెట్టి బ్రాకెట్ పైభాగం, తర్వాత కింది నుంచి పెట్టి దాని అడుగుభాగం తోమాలి. ఆపైన సీసా బ్రష్‌లా ఉండే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను తీగ కింద దూర్చి పన్నుకూ పన్నుకూ మధ్య శుభ్రం చేయాలి. ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. ఇది చేయకపోతే బ్రాకెట్ తీసిన రోజున దాని చుట్టూ సున్నపు మరకల్లాంటి తెల్లటి మచ్చలు మిగలవచ్చు, అవి చాలాసార్లు పూర్తిగా పోవు. సకినాలు, జంతికలు, పల్లీపట్టి, చెరకు, ఐసుముక్కలు మానాలి. జామకాయను కొరక్కుండా సన్నగా కోసుకుని తినాలి.

క్లిప్పులు తీసేశాక చికిత్స అయిపోయిందనుకోవడం వల్లే ఎక్కువమంది నష్టపోతారు. పళ్ళు పాత చోటికి జరగాలని చూస్తూనే ఉంటాయి కాబట్టి రిటెయినర్‌ను డాక్టరు చెప్పినట్టు పెట్టుకోవాలి, రాత్రిళ్ళు ఏళ్ళ తరబడి వాడాలి. తినేటప్పుడు తీస్తే చేతిరుమాల్లోనో కాగితంలోనో చుట్టకుండా దాని డబ్బాలోనే పెట్టండి, లేకపోతే విస్తరితో పాటే చెత్తలోకి పోతుంది. వేడినీళ్ళకు దాని ఆకారం మారిపోతుంది కాబట్టి చన్నీళ్ళతోనే కడగాలి. పోయినా, పగిలినా, పెట్టుకునేటప్పుడు బిగుతుగా అనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.