పారా అథ్లెట్ వీడియోలో లేని చేతికి చుక్కలు పడుతున్నాయా?

ప్రాక్టీస్ వీడియోను పోజ్ మోడల్‌కి (వీడియోలో మనిషి కీళ్లను గుర్తించి చుక్కలు పెట్టే ఏఐకి) ఇచ్చి కీళ్ల కోణాలు చూసుకునే కోచ్‌ల కోసం ఇది.

సమస్య: మోచేతి కింద చెయ్యి లేని రన్నర్‌కి మోడల్ మణికట్టు చూపిస్తోంది. ఆ చుక్క ఒక ఫ్రేమ్‌లో నడుం మీద ఉంటే, తర్వాతి ఫ్రేమ్‌లో గాల్లో ఉంటోంది.

కారణం: గూగుల్ వాళ్ల మీడియాపైప్ లాంటి మోడల్ మనిషి కనిపిస్తే చాలు, శరీరం మీద 33 పాయింట్లూ (చుక్కలూ) ఇచ్చేస్తుంది. అది నేర్చుకున్న ఫొటోల్లో దాదాపు అందరికీ రెండు చేతులూ రెండు కాళ్లూ ఉంటాయి కాబట్టి, లేనిచోట ఊహించి పెడుతుంది. రెండు చేతులూ లేకుండా, కాలితో విల్లు పట్టి భుజంతో నారి లాగే శీతల్ దేవి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమె విలువిద్యను ఆ 33 పాయింట్లతో కొలవడం కుదిరే పని కాదు. మన రన్నర్ దీప్తి జీవాంజి పోటీపడే టీ20 మాత్రం మేధో వైకల్యం ఉన్నవారి విభాగం, అక్కడ ఈ చిక్కు సాధారణంగా రాదు.

ఏం చేయాలి: ముందు ఆ పాయింట్లను లెక్కల్లోంచి తీసేయండి. విజిబిలిటీ స్కోరే (ఆ పాయింట్ ఎంతవరకు కనిపిస్తోందో మోడల్ ఇచ్చే అంకె) వడకట్టేస్తుందిలే అనుకోవద్దు, ఊహించిన చుక్కకూ ఒక్కోసారి మంచి స్కోరే వస్తుంది. అసలు పరిష్కారం సొంత పాయింట్లు పెట్టుకోవడం. జంతువుల కదలికల కోసం 2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ పాయింట్ కావాలో మనమే చెప్పొచ్చు. చెయ్యి ముగిసే చోటు, సాకెట్ (కృత్రిమ కాలిని శరీరానికి తగిలించే తొడుగు) అంచు, బ్లేడ్ (పరుగు కోసం వాడే వంపు తిరిగిన కృత్రిమ కాలు) కొన, ఇలా. ఆ పాయింట్లు గుర్తుపెట్టి నేర్పించడం మొదలుపెట్టడానికి రెండు వందల ఫ్రేములు చాలు. అయితే అవి ఎండలో, నీడలో, అడుగు పడేటప్పుడు, లేచేటప్పుడు తీసినవై ఉండాలి.

సమస్య: ఒక కాలికి బ్లేడ్ ఉన్న రన్నర్‌కి ప్రతిసారీ "కుడి ఎడమల తేడా ఎక్కువ" అని హెచ్చరిక.

కారణం: కొలబద్ద రెండు కాళ్ల రన్నర్లది. బ్లేడ్‌కి చీలమండ కండరం లేదు, అది వంగి స్ప్రింగ్‌లా తిరిగి తోస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండదు, ఉండక్కర్లేదు కూడా. ఈ హెచ్చరికకు టెన్షన్ పడి పరుగు తీరు మార్చారంటే నష్టపోయేది అథ్లెటే.

ఏం చేయాలి: ఆ అథ్లెట్ బాగా పరిగెత్తిన రోజుల వీడియోలతోనే పోల్చండి. బ్లేడ్ గానీ సాకెట్ గానీ మారితే కొత్త లెక్క మొదలుపెట్టండి.

సమస్య: అడుగు నేలమీద ఉన్న సమయం ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది.

కారణం: స్ప్రింట్‌లో అది సుమారు సెకనులో పదో వంతు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో మూడే ఫ్రేములు దొరుకుతాయి.

ఏం చేయాలి: స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములతో తీయండి.

సమస్య: మీరు నేర్పించి, పరీక్షలో అదరగొట్టిన మోడల్ కొత్త అథ్లెట్ దగ్గర తేలిపోయింది.

కారణం: ఒకే అథ్లెట్ ఫ్రేములు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉన్నాయి.

ఏం చేయాలి: ఒక అథ్లెట్‌ని పూర్తిగా పక్కన పెట్టి మిగతావాళ్లతో నేర్పించి, పక్కన పెట్టిన వారి మీద పరీక్షించండి. వంతులవారీగా అందరికీ ఇలాగే చేయండి. స్కోరు తగ్గుతుంది, కానీ నమ్మాల్సింది దాన్నే.