వేరు ఆమ్లం వదలడం కళ్లారా చూడాలంటే

దేవరకొండ వైపు సున్నపు నేలల్లో బత్తాయి లేతాకులు పసుపుబారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగలడం మా బడి పిల్లలకు తెలుసు. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. దాన్ని కరిగించుకోవాలంటే వేరు ప్రోటాన్లను, అంటే ఆమ్లాన్ని, బయటికి పంపాలి. బోర్డు మీద రాస్తే ఎవరికీ ఎక్కలేదు. అందుకే ఈ ప్రయోగం మొదలుపెట్టాను.

మొక్కజొన్న గింజలు నానబెట్టి తడిగుడ్డలో కట్టండి. రెండు మూడు రోజులకు వేలెడంత వేరు వస్తుంది. అర లీటరు నీళ్లలో 4 గ్రాముల చైనా గ్రాస్ (అగర్) మరిగించి కరిగించి, దించాక స్పిరిట్‌లో కలిపిన బ్రోమోక్రెసాల్ పర్పుల్ కొన్ని చుక్కలు వేయండి. ఇది ఆమ్లం తగిలితే పసుపుగా, లేకపోతే ఊదాగా కనిపించే రంగు. స్పిరిట్ పొయ్యి దగ్గరికి రానివ్వకండి. పసుపుగా ఉంటే తాంబూలం సున్నపు తేట ఒక్కో చుక్కా వేస్తూ, ఊదా రంగు రాగానే ఆపండి. ఎక్కువైతే వేరు ఆ రంగును మార్చలేకపోతుంది. తెల్ల పళ్లెంలో పోసి, చేతికి గోరువెచ్చగా తగిలేటప్పుడు మొలకల వేర్లను అందులో పడుకోబెట్టండి.

నీళ్ల దగ్గరే నేను దెబ్బతిన్నాను. మొదటిసారి బోరు నీళ్లు వాడాను, సాయంత్రం దాకా రంగు కదల్లేదు. ఆ నీళ్లలోని బైకార్బొనేట్ వేరు వదిలిన ప్రోటాన్లను ఎప్పటికప్పుడు మింగేసింది. బ్యాటరీ నీళ్లతో, అంటే లవణాలు లేని స్వేదనజలంతో, చేస్తే కొద్ది గంటల్లోనే వేరు చుట్టూ పసుపు చార కనిపించింది. ఆ రోజు ఇంటి గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

వేరు సాగడానికీ ఈ ఆమ్లమే కావాలి. కణం గోడలో పీహెచ్ 5 దగ్గరికి దిగితే ఎక్స్‌పాన్సిన్ ప్రోటీన్లు గోడను సడలిస్తాయి, లోపలి నీటి ఒత్తిడికి కణం పొడవవుతుంది. కానీ ప్రోటాన్లను బయటికి తోసే ప్రోటీన్, అంటే ప్రోటాన్ పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తెగ ఖర్చు పెడుతుంది కాబట్టి, బోరు మోటారుకు స్టార్టర్ ఉన్నట్టు దానికీ ఆపే ఏర్పాటు ఉండాలి. ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరబిడోప్సిస్‌లో అది ఎలా ఉందో 2007లో తేలింది. ఏహెచ్ఏ2 అనే పంపును దాని తోకే, అంటే ఆ ప్రోటీన్ గొలుసు చివరి భాగమే, అణచి ఉంచుతుంది. 14-3-3 ప్రోటీన్ ఆ తోకను పట్టుకుంటే పంపు నడుస్తుంది. కాల్షియాన్ని పట్టే ఎస్‌సీఏబీపీ1 ప్రోటీన్ పీకేఎస్5 అనే కైనేజ్‌తో, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైముతో, జతకడుతుంది. ఆ కైనేజ్ పంపు తోకలోని 931వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీద ఫాస్ఫేట్ తగిలించగానే 14-3-3 అతుక్కోలేకపోతుంది, పంపు నెమ్మదిస్తుంది. పీకేఎస్5 లేని మొక్కలు ప్రోటాన్లను ఎక్కువ వదిలి, క్షారాన్ని బాగా తట్టుకున్నాయి. జే3 అనే మరో ప్రోటీన్ ఆ కైనేజ్‌నే అణచి పంపును వదిలిస్తుందని 2010లో తెలిసింది.

మీరు చేసేటప్పుడు బోరు నీళ్ల పళ్లెం ఒకటి, బ్యాటరీ నీళ్ల పళ్లెం ఒకటి పక్కపక్కనే పెట్టి, గంటకోసారి ఫోటో తీయండి.