సరుకిచ్చి డబ్బు రాకపోతే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌లో అప్లికేషన్ ఎలా పెట్టాలి (డెలివరీ చలాన్ దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు)

మున్సిపాలిటీలకి, పంచాయతీలకి డస్ట్‌బిన్లు, పైపులు, వీధి లైట్లు లాంటివి తయారుచేసి ఇచ్చే చిన్న యూనిట్ల వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ఎంఎస్ఎంఈ అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలు, వాటిలో చిన్నవాళ్ళకి రావాల్సిన బాకీల గొడవలు తేల్చే ప్రభుత్వ సంస్థే ఈ కౌన్సిల్. సరుకు దిగింది, వాడకం కూడా మొదలైపోయింది, డబ్బు మాత్రం ఏడాదైనా రాలేదు. ఆఫీసులో అడిగితే కాంట్రాక్టర్‌ని అడగమంటారు, కాంట్రాక్టరేమో "నాకు బిల్లు పడితే కదా నీకిచ్చేది" అంటాడు. ఈలోపు "కౌన్సిల్‌లో మనవాళ్ళున్నారు, ఫైలు నేను కదిలిస్తా, వచ్చినదాంట్లో ఇంత పర్సెంటేజ్" అంటూ ఒకడు తగులుతాడు. వాడు చేసేదల్లా ఆన్‌లైన్లో ఒక ఫారం నింపడమే, అది మీరే నింపుకోవచ్చు.

2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. అగ్రిమెంట్‌లో 90 రోజులనో, మెయిన్ బిల్లు వచ్చాకనో రాసుకున్నా 45 దాటితే చెల్లదు. అసలు గడువే రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం ఉందనుకుంటే మీకు రావాల్సింది 18.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (మీది చిన్న పరిశ్రమ అని కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు) తప్పనిసరి. ఆధార్‌తో ఫ్రీగా అయిపోతుంది, సైట్ పేరు చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అది డబ్బులు గుంజే ప్రైవేట్ సైటే. మైక్రో, స్మాల్ వాళ్ళకే ఈ కౌన్సిల్, మీడియంకి లేదు. కొని అమ్మే ట్రేడర్లకి 2021లో ఉద్యమ్ ఇచ్చారు గానీ అది బ్యాంకు లోన్ల ప్రయోజనం వరకే, పేమెంట్ కేసుకి పనికిరాదు. ఇంకోటి, రిజిస్ట్రేషన్ తేదీ సరుకిచ్చిన తేదీ కంటే ముందుండాలి, తర్వాత చేయించుకుంటే పాత సప్లైకి వర్తించదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ విషయం మళ్ళీ పెద్ద బెంచ్ ముందుకెళ్ళింది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి, యూనిట్ నడుస్తుంటే ఇవాళే చేయించుకోండి. రోడ్డు, డ్రైనేజీ లాంటి వర్క్స్ కాంట్రాక్ట్ కేసులైతే చాలాచోట్ల హైకోర్టుల్లో నిలబడలేదు, అలాంటివాళ్ళు ముందు లాయర్‌ని కలవడం మంచిది.

కేసు ఎవరి మీద? వర్క్ ఆర్డర్, ఇన్‌వాయిస్ ఎవరి పేరున ఉంటే వాళ్ళ మీదే. కాంట్రాక్టర్ పేరున బిల్లు కొట్టి మున్సిపల్ కమిషనర్ మీద వేస్తే తిప్పి పంపుతారు. సరుకు మున్సిపాలిటీ గోడౌన్లో దిగినా సరే, చట్టం లెక్కలో కొన్నది కాంట్రాక్టరే. పైనుంచి వాడికి బిల్లు రాకపోవడం వాడి సమస్య, మీ 45 రోజులకి దాంతో సంబంధం లేదు.

ఇక అందరూ బోల్తా పడేది ఎక్కడంటే, సరుకు ముట్టిందన్న రుజువు దగ్గర. ఇన్‌వాయిస్ మీరు కొట్టుకున్నదే, అదొక్కటే పెడితే అవతలివాళ్ళు "మాకు రాలేదు", లేదంటే "క్వాలిటీ బాలేదు" అనేస్తారు. కావాల్సింది డెలివరీ చలాన్ మీద తీసుకున్నవాళ్ళ సంతకం, పేరు, తేదీ, స్టాంపు. సాధారణంగా జరిగేదేంటంటే లారీ సాయంత్రం చేరుతుంది, స్టోర్ కీపర్ ఉండడు, వాచ్‌మన్ దింపించుకుంటాడు, "సంతకం రేపు సార్ పెడతారు" అంటారు, ఆ రేపు ఇక రాదు. మళ్ళీ గట్టిగా అడిగితే వచ్చే ఆర్డర్ పోతుందేమోనని మనమూ ఊరుకుంటాం. అలా ఊరుకోకండి, అదే రోజు "ఇన్ని దించాం, ఫలానా చలాన్" అని మెయిల్ పెట్టండి, ఆఫీసైతే లెటరిచ్చి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. సరుకు దిగిన 15 రోజుల్లో వాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దిగిన రోజే అంగీకరించినట్టు లెక్క, నోటిమాటగా బాలేదంటే సరిపోదు.

సంతకమున్న చలాన్ మీ దగ్గర లేకపోతే? కంగారు పడకండి, దారులున్నాయి. ఈ-వే బిల్లు, లారీ రసీదు వెతకండి. కాంట్రాక్టర్ మీ బిల్లు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (మీ బిల్లులోని జీఎస్టీని తన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకున్నాడా అన్నది చూపించమని నోటీసులో అడగండి, సరుకు ముట్టకుండా ఆ క్రెడిట్ తీసుకోకూడదు, 180 రోజుల్లో మీకు డబ్బు కట్టకపోతే దాన్ని వెనక్కి కట్టాలి కూడా, ఈ మాట రాయగానే కొందరి గొంతు మారుతుంది. మున్సిపాలిటీ స్టాక్ రిజిస్టర్ కాపీకి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి, తెలుగు రాష్ట్రాల్లో దరఖాస్తుకి పంచాయతీలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. రిజిస్టర్లో మీ చలాన్ నంబరు ఎక్కి ఉంటే ఇక వాదనే లేదు.

మిగతాది సులువే. వడ్డీ లెక్కేసి ముందు స్పీడ్ పోస్టులో డిమాండ్ నోటీస్ పంపండి, కొన్ని గొడవలు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఉద్యమ్ నంబర్‌తో లాగినై వర్క్ ఆర్డర్, ఇన్‌వాయిస్‌లు, ముట్టిన రుజువు, నోటీస్ కాపీ అప్‌లోడ్ చేయండి. 2017లో వచ్చిన సమాధాన్ పోర్టలే అందరికీ తెలుసు, కొత్త కేసులు ఇప్పుడు ఓడీఆర్ (ఆన్‌లైన్లో వివాదాలు తేల్చే) పోర్టల్లో తీసుకుంటున్నారు. కొన్నవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీ యూనిట్ ఉన్నచోటి కౌన్సిలే చూస్తుంది. ఫారంలో తికమక ఉంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి, బయట టేబుల్ వేసుకుని కూర్చున్నవాణ్ణి కాదు. బాకీ పడి మూడేళ్ళు దాటనివ్వకండి.

కౌన్సిల్ ముందు రాజీకి పిలుస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే ఇద్దరి వాదన విని తీర్పివ్వడం. చట్టంలో 90 రోజులని ఉంది, వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది, వాయిదాలకి వెళ్ళాల్సి వస్తుందని ముందే అనుకోండి. అయితే తీర్పు మీకొస్తే దాన్ని కోర్టులో కొట్టేయించుకోవాలంటే అవతలివాళ్ళు తీర్పులోని మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి, అందుకే రాజీ దశలోనే అసలు బాకీ వరకు ఇచ్చేస్తాం, కేసు తీసేయమంటారు. వడ్డీ వదులుకోవాలో వద్దో మీ ఇష్టం, కానీ డబ్బు అకౌంట్లో పడకముందే "బాకీ ఏమీ లేదు" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, చెక్కు చూపించినా సరే.