పండు పేరు పెట్టుకున్న టీలో పండెంత? రుచి చూసి తేల్చుకోవడం ఎలా?

తెలిసినాయన ఒకరు హెర్బల్ టీలు కలిపి అమ్ముతుంటారు. ఓసారి నాలుగు చిన్న పొట్లాలు నా చేతిలో పెట్టి, "తాగి చెప్పండి మేడమ్, ఏది బాగుందో" అన్నారు. నాలుగూ తాగాను. నాలుగూ బాగున్నాయని చెప్పాను. "ఏం బాగుంది?" అని అడిగేసరికి నోట మాట రాలేదు. "పండు వాసన వస్తోంది కదండీ..." అని నసిగాను. ఆయన నవ్వేసి, వాటిలో మూడింటికి లోపలి సరుకు ఒక్కటేననీ, పైన చల్లిన ఫ్లేవర్ మాత్రమే వేరనీ చెప్పారు. నేను స్ట్రాబెర్రీ అనీ, చెర్రీ అనీ మురిసిపోయినవి రెండూ ఒకే ఎర్రటి పుల్లనీళ్ళు.

ఆ సిగ్గుతోనే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. అందులో "బాగుంది" అనే మాట రాయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఈ పద్ధతి ఆ పుస్తకంలోంచి వచ్చిందే.

రుచి చూసే ముందు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. పదార్థాలను ఎక్కువ బరువున్న దాని నుంచి తక్కువ బరువున్న దాని దాకా వరసగా రాయాలన్నది చాలా దేశాల్లో ఉన్న నిబంధన. పేరులో ఉన్న పండు ఆ వరసలో ఎక్కడుందో వెతకండి. ఎర్రగా దిగే టీ అయితే మొదటి స్థానంలో తరచు హైబిస్కస్ ఉంటుంది. కుండీలో పూసే మందారం వేరు, ఇది గోంగూర జాతి మొక్క. పూరేకులు రాలాక కాయను అంటిపెట్టుకుని ఉండే కండగల ఎర్రటి తొడుగును ఎండబెడతారు. ఆ రంగూ పులుపూ దాని చలవే. తర్వాత ఆపిల్ ముక్కలు, రోజ్‌హిప్ అనే గులాబీ కాయలు, నారింజ తొక్క, బ్లాక్‌బెర్రీ ఆకు, అతిమధురం లాంటివి కనిపిస్తాయి. బొమ్మలో నిగనిగలాడే స్ట్రాబెర్రీ ఆఖర్న ఎక్కడో ఒక శాతం దగ్గర నక్కి ఉంటుంది, లేదా "ఫ్లేవర్" అనే ఒక్క మాటగా మిగులుతుంది. అలా ఉన్నంత మాత్రాన అది చెడ్డ టీ అని కాదు. ఏం తాగబోతున్నామో తెలిసి తాగుతామంతే. బ్లాక్ టీ గానీ గ్రీన్ టీ గానీ ఆ వరసలో ఉంటే అది హెర్బల్ టీ కాదు, అందులో కెఫీన్ ఉంటుంది.

ఇక కొలతలు. టీ రుచి చూడటానికి ఎలా కాచాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 3103 అని, 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. దీని బ్రిటిష్ రూపమైన ఆరు పేజీల పత్రానికి 1999లో సాహిత్య విభాగంలో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చి ఆటపట్టించారు కూడా. ప్రమాణం అసలు తేయాకు కోసం రాసిందే అయినా, ఆ కొలతే నేను వాడతాను: 200 మిల్లీలీటర్లకు 4 గ్రాములు. చెంచా లెక్క నమ్మకండి. ఆపిల్ ముక్కలు బరువు, చామంతి పూలు తేలిక, అదే చెంచాలో రెండూ ఒకేలా తూగవు. ముక్కలు నాని రసం దిగడానికి టైమ్ పడుతుంది కాబట్టి 6 నిమిషాలకు బదులు 8 ఉంచుతాను. ఎన్ని నిమిషాలైనా ఫర్వాలేదు, పోల్చి చూసే కప్పులన్నిటికీ ఒకటే ఉండాలి. నీళ్ళు సలసలా మరిగినవి, కప్పు లోపల తెల్లగా ఉన్నది, పైన మూత తప్పనిసరి.

నీళ్ళ విషయంలో నేనొకసారి దెబ్బతిన్నాను. కెటిల్ అడుగున తెల్లగా సున్నం కట్టే నీళ్ళతో కాచి, "పులుపు చప్పగా ఉంది, రంగు మురికిగా ఉంది" అని రాసేశాను. వారం తర్వాత ఫిల్టర్ నీళ్ళతో అదే టీ కెంపులా మెరిసింది. అలాంటి నీళ్ళలో ఉండే క్షారగుణం పులుపును కొంత విరిచేస్తుంది. హైబిస్కస్‌లోని ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలు పులుపులో ఎర్రగా ఉంటాయి, క్షారంలో ఊదా, నీలం వైపు తిరుగుతాయి. కావాలంటే మిగిలిన టీలో చిటికెడు వంటసోడా వేసి చూడండి, కళ్ళ ముందే రంగు మారుతుంది. తాగకండి, పారబోయండి.

ముందు పొడిగా ఉన్నప్పుడు వాసన చూడాలి. దీర్ఘంగా పీల్చకండి, కుక్కపిల్లలా మూడు చిన్న పీల్పులు చాలు. వచ్చిన మొదటి మాట రాసేయండి. నీళ్ళు పోసి, టైమ్ అయ్యాక మూత తీసి ముందు కప్పును కాదు, మూత లోపలి వైపును వాసన చూడండి. ఆవిరితో పాటు లేచిన సువాసన అక్కడ చుక్కలై అంటుకుని ఉంటుంది. నాకు ఎక్కువగా పనికొచ్చేది ఈ చోటే. పైన చల్లిన ఫ్లేవర్ పొట్లం విప్పగానే గది నిండా కేకేసి, కప్పులోకి వచ్చాక గొణుగుతుంది. ఎండు నారింజ తొక్క దీనికి తలకిందులు, పొడిగా మూగది, మూత కింద మాటకారి. నాలుగు వాసనలయ్యాక ముక్కు మొద్దుబారితే మోచేతి మడతలో మీ చర్మాన్నే ఒకసారి వాసన చూసుకోండి, కాస్త తేరుకుంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుటక తీసుకోండి. మింగకుండా నోట్లో అటూ ఇటూ తిప్పండి. ఏముంది? నాకు మొదటిసారి పులుపు తెలిసింది, చివర్న కాస్త వగరు. అంతే. అప్పటిదాకా "పండిన స్ట్రాబెర్రీ" అని రాసుకున్న టీ అది. నోట్లో టీ అలాగే ఉంచి ముక్కు వదిలాను. మరుక్షణం స్ట్రాబెర్రీ ఎక్కడినుంచో వచ్చి నోరంతా నిండింది. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, పుట్టగొడుగుల్లో ఉండే ఉమామి అనే కమ్మటి రుచి. ఏ పండు అన్నది చెప్పేది ముక్కే, గొంతు వెనక దారిగుండా పైకెక్కే వాసనతో. అందుకే నోటుబుక్కులో ప్రతి టీకీ రెండు గీతలు గీస్తాను: "నాలుక", "ముక్కు".

ఆ రెండు గీతలూ ఒకే పండు గురించి మాట్లాడుతున్నాయా అన్నదే నా తీర్పంతా. రాస్‌బెర్రీ, పుల్ల చెర్రీ, క్రాన్‌బెర్రీలకు హైబిస్కస్ పులుపు బాగా అతుకుతుంది, ఎందుకంటే ఆ పళ్ళే పుల్లన. పీచ్ వాసనకు అదే పులుపు అడుగున పెడితే ముక్కు "తీపి వస్తోంది" అంటుంది, నాలుక ఆ పులుపుకు మొహం చిట్లిస్తుంది. పీచ్‌కి ఆపిల్, చామంతి లాంటి మెత్తటి సరుకు కావాలి. ఇది పట్టుబడ్డాక "మీ టీ బాలేదు" అనడం మానేసి, "పీచ్ కింద పులుపు తగ్గించండి" అని చెప్పగలిగాను. నాలుగు పొట్లాలిచ్చినాయన అప్పుడే మొదటిసారి పెన్ను తీశారు.

పులుపుల్లో కూడా తేడా ఉంది. సిట్రిక్ యాసిడ్ కలిపిన పులుపు నాలుక కొసన చురుక్కుమని వెంటనే మాయమవుతుంది. హైబిస్కస్ పులుపు వెళ్తూ వెళ్తూ వగరును వదిలి పోతుంది. రోజ్‌హిప్‌ది నెమ్మది. బెర్రీ ఆకులుంటే బుగ్గల లోపల చర్మం బిగుసుకున్నట్టుంటుంది, అది టానిన్లనే వగరు పదార్థాల పని. తీపి సంగతికొస్తే, చక్కెర లేకపోయినా మింగిన కాసేపటికి గొంతులో తీపి మెల్లగా తేలి, ఎంతకీ పోనంటే అది చాలావరకు అతిమధురమే. బీపీ ఉన్నవాళ్ళు దాన్ని రోజూ తాగకపోవడం మంచిది, ఎక్కువైతే బీపీ పెంచుతుంది.

మామూలు గుటకలో జుర్రుమని చప్పుడు చేయండి. ఎవరేమనుకున్నా సరే. గాలితో కలిసి టీ తుంపరై వాసన ముక్కుకు త్వరగా చేరుతుంది. పొగలు కక్కుతుండగా మాత్రం వద్దు: 65 డిగ్రీల పైన వేడి ఉన్న పానీయాలు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో "బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలో చేర్చింది. పైగా నాలుక కాలితే ఆ రోజు పరీక్షలు బందే.

వేడిగా ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, పూర్తిగా చల్లారాక ఒకసారి తాగాలి. మూడోది ఎగ్గొట్టి నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. ఒక రాస్‌బెర్రీ టీని వేడిగా తాగి తెగ మెచ్చుకున్నాను. మధ్యాహ్నం మిగిలిన సగం కప్పు నోట్లో పోసుకుంటే అచ్చం దగ్గు మందు. వేడి చాలా తప్పుల్ని కప్పిపెడుతుంది. అతిగా వేసిన ఫ్లేవర్, గుటక మధ్యలో నీళ్ళలా పలచబడే రుచి చల్లారితేనే బయటపడతాయి. చల్లగానూ పండులా ఉన్న టీకి నేను పక్కన చిన్న చుక్క పెడతాను.

ఇక కళ్ళు. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువుకుంటున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. వాళ్ళకే అలా అయితే ఎర్రటి కప్పు చూసి నేను చెర్రీ అనడంలో వింతేముంది? అందుకే మా వదినను పట్టుకుని మూడు కప్పుల ఆట ఆడతాను. రెండింట్లో ఒకే టీ, ఒకదాంట్లో వేరేది. నేను కళ్ళు మూసుకుంటే తను అందిస్తుంది, వేరుగా ఉన్నది నేను చెప్పాలి. స్ట్రాబెర్రీ, చెర్రీలతో ఆరుసార్లు ఆడితే రెండుసార్లు పట్టాను. వదిన వేళ్ళు మడిచి లెక్కేసి, "కళ్ళు మూసుకుని వేలు పెట్టినా మూడింట్లో ఒకటి తగులుతుంది కదే, దీనికి ఇంత హడావుడా?" అంది. ముక్కు పదును పెట్టుకుని రెండు నెలల తర్వాత ఆడితే ఆరింట ఐదు వచ్చాయి.

ఒక పూటకు నాలుగు టీలు దాటించకండి. మధ్యలో మామూలు నీళ్ళు, ఉప్పు లేని బ్రెడ్ ముక్క. ఇంత పులుపు తాగాక వెంటనే బ్రష్ చేయవద్దు, నీళ్ళతో పుక్కిలించి ఊరుకోండి.

రాసేటప్పుడు "పండు వాసన" అని వదిలేయకండి. ఏ పండు, పచ్చిదా, పండిందా, సీసాలోని జామ్‌దా, తొక్కదా, చాక్లెట్ కాగితంలో చుట్టిన బిళ్ళదా? నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "పీచ్-ఆపిల్. పొడి: పీచ్ జామ్, గట్టిగా. మూత: పీచ్ సగమే, ఎండు ఆపిల్ తొక్క. నాలుక: కొద్ది పులుపు, మధ్యలో పలచన. ముక్కు వదిలాక: పండిన పీచ్, గింజ దగ్గరి కండలా. చల్లారాక: అలాగే ఉంది. చుక్క."

దాని కింద నెల తర్వాతి తేదీ వేసి మరో వరస ఉంటుంది. పొట్లం విప్పి, మూత బిగించి దాచి, నెలకు అదే కొలతతో మళ్ళీ కాస్తాను. చల్లిన వాసన ఎంత నిలిచిందో అప్పుడు తెలుస్తుంది. ఆ పీచ్ టీకి రాసుకున్నది: "పీచ్ వెళ్ళిపోయింది. ఆపిల్ ఉంది. చుక్క కొట్టేశాను."