వియన్నా, లైప్జిగ్ కచేరీలకు చలికాలంలో వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

• ముందు కచేరీ టికెట్లు, తర్వాతే విమానం టికెట్లు. వియన్నా మ్యూజిక్‌ఫెరైన్‌ అనే సంగీత హాల్లో జరిగే న్యూ ఇయర్ కన్సర్ట్ టికెట్లను చాలా నెలల ముందే లాటరీ తీసి ఇస్తారు. డిసెంబర్‌లో వెతికితే టెన్షనే మిగులుతుంది.

• డిసెంబర్ 24న వియన్నా స్టేట్ ఒపేరాలో (పాటలతో సాగే నాటకాలు, అంటే ఒపేరాలు ఆడే థియేటర్) ప్రదర్శన ఉండదు. అక్కడే ఏటా జరిగే నృత్య వేడుక ఒపేరా బాల్‌కు ముందూ వెనకా కూడా కొన్ని రోజులు ప్రదర్శనలు ఆగిపోతాయి.

• స్వరకర్త మోజార్ట్ వేషంలో టికెట్లు అమ్మేవాళ్లు కనిపిస్తే, ఏ హాలు, ఎవరు వాయిస్తారు అని అడగనిదే డబ్బివ్వకండి.

• ఒపేరాకి ఆలస్యమైతే సాధారణంగా విరామం దాకా బయటే. చలికోటు క్లోక్‌రూంలో ఇవ్వాలి, అక్కడా క్యూ ఉంటుంది. అరగంట ముందే చేరండి. నిలబడి వినే టికెట్లు చాలా చౌక, ధ్వని మాత్రం అద్భుతం. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరాలు చాలావరకు నాలుగైదు గంటలు పడతాయి కాబట్టి మెత్తని బూట్లు తప్పనిసరి.

• దగ్గు బిళ్లల కాగితం ముందే విప్పి జేబులో పెట్టుకోండి. వయొలిన్లు సన్నగా పలికేటప్పుడు ఆ చిటపట హాలంతా వినిపిస్తుంది, పక్కవాళ్ల మనసు చివుక్కుమంటుంది.

• లైప్జిగ్‌లో, స్వరకర్త బాఖ్ 1723 నుంచి 1750 దాకా పనిచేసిన సెయింట్ థామస్ చర్చిని వదలకండి. ఆయన సమాధి అక్కడే ఉంది. రాతి కట్టడం, చలి ఎక్కువ. ఉన్ని మేజోళ్లు వేసుకోండి.