ఎర్రమట్టి దిబ్బలను తీరిగ్గా చూసి రావడం ఎలా?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో చాలామంది ఎర్రమట్టి దిబ్బల దగ్గర బండి ఆపి, రెండు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అసలు అందమంతా కింద, వాన నీరు కోసేసిన గెడ్డల్లో, అంటే లోతైన వాగుల్లో, ఉంది. కనీసం రెండు గంటలు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ముందుగా వేళ చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. పొద్దున్నే చేరుకుంటే ఏటవాలు ఎండలో ఎరుపు నిగనిగలాడుతుంది. వాన పడిన రోజు మాత్రం వద్దు. ఇవి రాళ్లు కావు, ఇసుక దిబ్బలు. తడిస్తే అంచులు విరిగిపడతాయి.

నగరం నుంచి దూరం సుమారు 20 కిలోమీటర్లు. రుషికొండ, మంగమారిపేట దాటాక వస్తాయి. భీమిలి వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కినా చాలు. బూట్లు వేసుకోండి, తెల్లబట్టలు వద్దు, నీళ్లు తప్పనిసరి.

గెడ్డలోకి దిగేటప్పుడు ఇప్పటికే నడిచిన బాట పట్టండి. లోపల మలుపులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, దిగిన చోట ఏదో ఒక తాడిచెట్టునో, జీడిమామిడి చెట్టునో గుర్తు పెట్టుకోండి. పిల్లలను అంచుల మీదికి వెళ్లనివ్వకండి.

ఇక అక్కడ ఆగి, గోడను దగ్గర నుంచి చూడండి. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక రంగు, ఇంకా కిందికి ముదురు గోధుమ ఎరుపు. చివరి మంచుయుగంలో, దాదాపు 20 వేల ఏళ్ల కిందట, సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువ. అప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు ఎత్తిపోయడం ఈ దిబ్బలు పెరగడానికి ఒక ముఖ్య కారణం. ఇనుమున్న ఖనిజాలు తుప్పు పట్టి ఆ రంగొచ్చింది. కింద రాలిన ఇసుక చిటికెడు తీసుకుని తడి అరచేతిలో రుద్దండి. చేయి ఎర్రబడుతుంది. ఆ ఎరుపు రేణువు మీది పూతే. గెడ్డ అడుగున నల్లటి చారలు కనిపిస్తే అది ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాల ఇసుక.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. గోడల మీద పేర్లు చెక్కొద్దు, ఎక్కి జారొద్దు, సీసాలో మట్టి నింపుకోవద్దు. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులో, శ్రీలంకలో, ఇక్కడ మాత్రమే చెప్పుకోదగినంత ఉంది. 2025లో ఈ దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. పేరు చెక్కిన చోట వాన నీరు దారి చేసుకుంటుంది, గోడ అక్కడి నుంచే కోసుకుపోతుంది. అలా పోయిన గోడను ఎవరూ మళ్లీ కట్టలేరు.

ఎండ ముదరకముందే పైకి వచ్చేయండి. ఓపిక ఉంటే భీమిలి దాకా వెళ్లి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడండి. ఒడ్డున పడవలుంటాయి, కాళ్ల ఎర్రమట్టి అక్కడే కడుక్కోవచ్చు.