నూతి నీళ్ళకు బ్లీచింగ్, మూడో పాఠం: గంట తర్వాత క్లోరిన్ ఎందుకు మిగల్లేదు?

వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ అని పోయిన పాఠంలో చెప్పాను. కొలిచి వేసినా గంట తర్వాత క్లోరిన్ మిగల్లేదని చాలామంది అంటున్నారు. తప్పు మీది కాదు. ఆ లెక్క మంచి పొడికి. తాజా పొడిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. తేమ, ఎండ తగిలితే తగ్గిపోతుంది. పెదవాల్తేరులో సముద్రపు గాలికి ప్యాకెట్ విప్పి ఉంచితే పొడి ముద్దకట్టేస్తుంది. నేనైతే చిన్న ప్యాకెట్టే కొని, బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో చీకట్లో ఉంచుతాను.

ఇంకో పొరపాటు దీనికంటే ప్రమాదం. ‘వాసన గుప్పుమంటోంది, కాబట్టి క్లోరిన్ సరిపోయింది’ అనుకోవడం. వాసనతో తేల్చకండి! సెప్టిక్ ట్యాంకు ఊట నూతిలోకి చేరితే అందులోని అమ్మోనియా క్లోరిన్‌ని పట్టేసుకుంటుంది. ఆ కలిసిన క్లోరిన్‌కే వాసన ఘాటు, క్రిముల్ని చంపే బలం మాత్రం తక్కువ. అంటే ఘాటు వాసన వచ్చే నీళ్ళకు ఇంకాస్త పొడి కావాల్సి ఉండొచ్చు. క్లోరోస్కోపు అంటే రంగు పోల్చి నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూసే పరికరం. అందులోని నీళ్ళలో ఆర్థోటోలిడిన్ అనే పరీక్ష మందు చుక్కలు వేయగానే, పది సెకన్లలోపు వచ్చే పసుపే విడి క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా మిగిలిన క్లోరిన్. ఐదు నిమిషాలకు ముదిరే పసుపు కలిసిన క్లోరిన్‌ది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పరీక్ష నీళ్ళు పారబోసి చేతులు కడుక్కోండి, ఆ మందు విషం.

వాన పడి నీళ్ళు బురదగా ఉంటే ముందు పటిక వేసి తేర్చండి. బురద క్లోరిన్‌ని తినేస్తుంది.

ఇప్పుడు అభ్యాసం. 10 గ్రాముల పొడి లీటరు నీళ్ళలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట 100 మిల్లీలీటర్లు తీసి, నీళ్ళతో లీటరు చేయండి. నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో పదేసి లీటర్ల నూతి నీళ్ళు పట్టి వరసగా 20, 40, 60, 80 మిల్లీలీటర్లు కలిపి మూతపెట్టండి. గంటాగి పరీక్షించండి. లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల విడి క్లోరిన్ చూపించిన బకెట్లలో అన్నిటికంటే తక్కువ పోసిందే మీ మోతాదు. ఆ మిల్లీలీటర్లను పదితో భాగిస్తే వెయ్యి లీటర్లకు వేయాల్సిన గ్రాములు: 40 అయితే 4 గ్రాములు. పొడి కాస్త పాతదైనా ఈ లెక్కలో సర్దుకుంటుంది. నాలుగో బకెట్‌లోనూ పసుపు రాకపోతే కొత్త పొడి తెచ్చి మళ్ళీ చేయండి.

వారం తర్వాత అదే డబ్బాలోని పొడితో ఇంకోసారి చేసి, ఎన్ని మిల్లీలీటర్లు పెరిగాయో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో సంపు లెక్క ఆ అంకెతోనే మొదలుపెడతాం.